తాతయ్య రేకుడబ్బా నీ చేతికొచ్చింది కదా

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటో రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాను. తాతయ్య పాత నాణేలు దాచుకున్న రేకుడబ్బా చివరికి నీ చేతికి చేరిందంటే సంతోషమే, కాస్త కుళ్లు కూడా ఉందనుకో. ఫోటో కింద నువ్వు రాసింది చదివి మాత్రం నవ్వాపుకోలేకపోయాను. "మావయ్యా, ఈ రూపాయి 1892 నాటిదట, మా ఆఫీసులో ఉర్దూ వచ్చినతను చూసి చెప్పాడు. ఎంతొస్తుంది?"

ఫోన్లో చెబితే సగం విని ఊ కొడతావు. అందుకే ఇలా రాస్తున్నాను.

పాపం అతను తప్పు చదవలేదు. చార్మినార్ బొమ్మ ఉన్న ఈ నిజాం రూపాయి మీద 92 అని నిజంగానే ఉంటుంది. కాకపోతే అది సంవత్సరం కాదు. అరబ్బీ అక్షరాలకు అంకెల విలువ కట్టే పద్ధతి ఒకటుంది, అబ్జద్ అంటారు. ముహమ్మద్ అనే పేరులో మీమ్‌కి 40, హేకి 8, మళ్లీ మీమ్‌కి 40, దాల్‌కి 4. కూడితే 92. పేరు రాయడానికి బదులు ఆ అంకె వేశారు. కొత్తలో నేనూ నా నోట్‌బుక్కులో ఆరు నాణేలకు వరసగా "1892" అని రాసుకున్నాను. ఆరూ ఒకే ఏడాదివి ఎలా అయ్యాయన్న అనుమానం కూడా రాలేదు!

నీ రూపాయి మీద నాలుగంకెలు ఇంకోచోట ఉన్నాయి, ఫోటో పెద్దది చేసి చూడు. నిలువు గీత అంటే ఒకటి. దాని పక్కన తల మీద రెండు వంపులున్న అంకె రెండుసార్లు వస్తుంది, అది మూడు. ఒకే వంపుంటే రెండు అయ్యేది. చివర్న ఇంగ్లీషు వి అక్షరంలా ఉన్నది ఏడు. దాన్నే తలకిందులు చేస్తే ఎనిమిది. సున్న వట్టి చుక్క, ఐదు కొన పైకి పెట్టిన రావి ఆకులా ఉంటుంది. ఇంతే, ఒక సాయంత్రం పని. నీది 1337, ముస్లింల హిజ్రీ క్యాలెండర్ లెక్క. ఆ ఏడాది మన ఏడాది కంటే దాదాపు పదకొండు రోజులు పొట్టి, కాబట్టి ఊరికే 622 కలిపితే కుదరదు. 0.97తో హెచ్చించి, ఆ తర్వాత 622 కలుపు. 1919కి దగ్గరగా వస్తుంది. సరిగ్గా చెప్పాలంటే 1918 అక్టోబర్ నుంచి 1919 సెప్టెంబర్ దాకా. మీ తాతయ్య పుట్టడానికి ఏడాది ముందు.

ఇప్పుడు చార్మినార్ గుమ్మంలోకి చూడు. మధ్య కమాను కింద చిన్న అక్షరం ఉంటుంది. మీమ్ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్, ఐన్ అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్. తమ పేరు మొదటి అక్షరాన్ని గుమ్మంలో నిలబెట్టుకున్నారన్నమాట. ఉస్మాన్ తొలి నాణేల్లో ఆ ఐన్ సగమే ఉన్న రకం ఒకటి, నిండుగా ఉన్న రకం ఒకటి ఉన్నాయి. ఆ తేడా మీద మా నాణేల స్నేహితులు గంటసేపు వాదించుకోగలరు. ఇంకో పక్క "జర్బ్ ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్" అని ఉంటుంది. శుభమైన పునాది గల హైదరాబాద్‌లో అచ్చువేసింది అని అర్థం. మనం రోజూ ట్రాఫిక్‌లో తిట్టుకునే ఊరికి నాణెం మీద ఎంత అందమైన పేరుందో చూశావా!

నాణేల విషయంలో నేను నీకు చెప్పదలచింది ఇదొక్కటే: ధర చివర్న అడుగు. మేం కొందరం ఆదివారాలు ఇరానీ హోటల్లో ఒక మూల బల్ల దగ్గర కూర్చుంటాం. ఒక రిటైర్డ్ రైల్వే ఆయన, ఒక కుర్ర డాక్టరు, పాతబస్తీ నుంచి వచ్చే గాజుల వ్యాపారి ఒకాయన. కొత్తవాళ్లు వచ్చి నాణెం బల్ల మీద పెట్టి "దీనికెంతిస్తారు?" అంటే అందరం చాయ్ కప్పుల్లోకి చూసుకుంటాం. అదే నాణెం పెట్టి "ఇక్కడేం రాసుందండీ?" అని అడిగితే చాలు, నాలుగు భూతద్దాలు ఒకేసారి వంగుతాయి. గాజులాయన ఉర్దూ చదివి పెడతాడు, డాక్టరు ఫోన్‌తో ఫోటో తీసి అంచు చూపిస్తాడు, రైల్వే ఆయన "మా నాన్నగారి జీతం వీటిలోనే వచ్చేది" అని మొదలుపెడతాడు. నువ్వు ఏం అడిగావన్నదాన్ని బట్టి నీకేం దొరుకుతుందో తేలిపోతుంది.

అన్నట్టు మా నాన్న, అంటే మీ తాతయ్య, బేగంబజార్‌లో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఎవరైనా ధర చెబితే ముందు అడిగే మాట "హాలీయా, కల్దారా?" అని. హాలీ అంటే నిజాం రూపాయి, కల్దార్ అంటే బ్రిటిష్‌వాళ్ల రూపాయి. దాదాపు ఏడు హాలీలు ఆరు కల్దార్లకు సమానం. నీ చేతిలో ఉన్నది హాలీ. ఇది ఎందుకు చెబుతున్నానంటే, రేపు నువ్వు చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కొంటావు (కొను, గ్రాములో నూరో వంతు చూపించేది కొను), 11.1 గ్రాములు అని చూపిస్తుంది. ఎవరో "రూపాయి 11.66 గ్రాములుండాలి, ఇది నకిలీ" అంటారు. 11.66 కల్దార్‌ది. నిజాం రూపాయి కొత్తదే 11.17 గ్రాములు, అరిగితే ఇంకొంచెం తగ్గుతుంది. వెండి పాలు కూడా ఇందులో నూటికి 81.8, పాత కల్దార్‌లో 91.7. ఏ నాణేన్ని దేనితో పోలుస్తున్నామో తెలియకుండా త్రాసు ముందు కూర్చుంటే మంచి సరుకు కూడా నకిలీ అయి కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు భయపడుతున్న సంగతికి వస్తాను. వాటిని కడగొద్దు.

నాకు పదిహేనేళ్లప్పుడు అమ్మమ్మ (నీకు ముత్తమ్మమ్మ) దగ్గర నుంచి ఒక రాగి నాణెం దొరికింది. చాక్లెట్ రంగులో, అక్షరాల సందుల్లో ముదురుగా, ఉబ్బెత్తు భాగాల మీద లేతగా. అది మురికి అనుకున్నాను. వంటింట్లోకి వెళ్లి, అమ్మ రాగిచెంబు తోమే చింతపండు పిప్పి కొంచెం తీసుకుని, దాని మీద ఉప్పు చల్లి బొటనవేలితో రుద్దాను. అర నిమిషంలో గులాబీ రంగుకు తిరిగి మెరిసింది. ఎంత సంబరపడ్డానో! ఇల్లంతా తిప్పి చూపించాను. నాలుగో రోజుకు ఆ గులాబీ రంగు చెదిరి మచ్చలు మచ్చలుగా నల్లబడింది. భూతద్దం కింద పెడితే సన్నటి గీతలు, దుప్పట్లోని దారాల్లా. ఆ గీతలు ఇక పోవు. దాదాపు ఎనభై ఏళ్లుగా మెల్లగా ఏర్పడిన పొరను నేను అర నిమిషంలో తీసేశాను. ఆ పొరనే మావాళ్లు పాటినా అంటారు, కొనేవాడు ముందుగా చూసేది దాన్నే. ఆ నాణెం ఇంకా నా దగ్గరే ఉంది, ఎవరూ కొనరు కాబట్టి.

వెండికి విభూతి, టూత్‌పేస్ట్, నిమ్మకాయ అని అమ్మ చెబుతుంది. అమ్మ చెప్పే మిగతావన్నీ విను, ఇది ఒక్కటి మాత్రం వద్దు. పట్టుకునేటప్పుడు అంచుల దగ్గర రెండు వేళ్లతో, కింద మెత్తని గుడ్డ పరచుకుని పట్టుకో. ఇరానీ హోటల్లో మా మొదటి నియమం, ఆల్బమ్ తెరిస్తే చాయ్ కప్పు పక్క కుర్చీలోకి వెళ్లాలి.

దాచడం గురించి ఎక్కువ చెప్పను. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టకు. చవకరకం ఆల్బమ్ పేజీలు ఏళ్లు గడిచాక ఆకుపచ్చ జిగురు వదులుతాయి. నీ డబ్బాలో అలాంటివేమైనా కనిపిస్తే కదపకుండా నాకు తీసుకురా. రబ్బరు బ్యాండ్లు, న్యూస్‌పేపర్ ముక్కలు తీసేయి, వెండి వాటితో నల్లబడుతుంది. మధ్యలో పారదర్శకమైన కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు ఒక యాభై ఈ పొట్లంలో పెట్టాను. స్టేపుల్ చేశాక పిన్నులను పట్టకారుతో నొక్కేసెయ్యి, లేకపోతే పక్క నాణేన్ని గీస్తాయి. ప్రతి అట్ట వెనక ఎక్కడిది, ఎప్పుడు, ఎంతకు అని పెన్సిల్‌తో రాయి. "తాతయ్య డబ్బా" అని రాసినా చాలు.

డబ్బుతో మొదలుపెట్టకు. నీ పర్సులోని చిల్లరతో మొదలుపెట్టు. ఏ నాణెమైనా తీసుకుని సంవత్సరం కింద మధ్యలో చూడు. ఐదు కొనల నక్షత్రం ఉంటే మన ఊళ్లో తయారైంది. డైమండ్ గుర్తుంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. మన టంకశాల 1903లో సైఫాబాద్‌కు వచ్చింది, 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాద్ పాత భవనంలో ఇప్పుడు మ్యూజియం పెట్టారు, ఒక రోజు ఇద్దరం వెళ్దాం. ఒక్క రూపాయి నాణేలనే నక్షత్రం గుర్తుతో ఏడాది ఏడాదికీ ఒకటి చొప్పున చేర్చు. ఖర్చు రూపాయికి రూపాయే. ఆరు నెలల్లో నీ కన్ను మారిపోతుంది, అప్పుడు బజారుకు వెళ్దువుగాని.

బజారు అంటే గుర్తొచ్చింది. 1983లో జుమ్మేరాత్ బజార్‌లో ఒకతను రామపట్టాభిషేకం బొమ్మ ఉన్న నాణెం చూపించాడు. వెనక ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, కింద 1818. అరవై రూపాయలు అడిగితే బేరం కూడా ఆడకుండా ఇచ్చాను, అతని మనసు మారుతుందేమోనని! కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వేయించలేదు. అవి గుళ్ల దగ్గర, సంతల్లో అమ్మే బిళ్లలు. ఇవాళ్టికీ అవే తిరుగుతున్నాయి, ఇప్పుడు బియ్యం గింజలను లాగుతుందని కూడా చేర్చారు. రైస్ పుల్లింగ్ కేసులు పేపర్లో చూస్తూనే ఉంటావు కదా. వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలు, తామరపువ్వు ఇరవై పైసలకు లక్షలు అని వీడియోలు వస్తాయి. ఆ ఇరవై పైసలు మీ అమ్మమ్మ లక్ష్మీపూజకు గుప్పెడు పెట్టుకుంది, అడిగి చూడు. లక్షలిస్తామన్నవాడు కాసేపట్లో "ముందు రిజిస్ట్రేషన్ చార్జీ కట్టండి" అంటాడు. 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది, పాత నోట్లు, నాణేల అమ్మకాలతో తమకు సంబంధం లేదని, చార్జీలు, కమీషన్లు తాము అడగమని.

"పొలం దున్నుతుంటే దొరికింది" అని ఎవరైనా కుండెడు తెస్తే మాత్రం చెయ్యి చాచకు. భూమిలో దొరికిన నిధిని కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నుంచి చట్టం ఉంది. శాతవాహనుల సీసపు నాణేలు చూడాలనిపిస్తే పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియం ఉంది. చూసి రా, ఇంటికి తెచ్చుకోవాల్సిన పనిలేదు.

ఇంకొక్క మాట, మాలాంటి వాళ్ల మధ్య మసిలేటప్పుడు. ఎదుటివాళ్ల నాణెం నకిలీ అని నీకు తెలిసినా నలుగురిలో అనకు. పక్కకు పిలిచి చెప్పు. 1983లో ఆ రైల్వే ఆయన నాకు అలాగే చెప్పాడు. మెట్ల దగ్గర, చాలా నెమ్మదిగా. అందుకే నలభై ఏళ్లుగా ఆయన పక్కనే కూర్చుంటున్నాను.

వచ్చే ఆదివారం పదకొండింటికి రా. డబ్బా యథాతథంగా తీసుకురా, మూత తుడవొద్దు. ఫోటోలో అడుగున మూడు చిల్లు కానీలు కనిపించాయి. రెండు కిరీటం ఉన్న బ్రిటిష్‌వి, మూడోది నిజాం రెండు పైల (పై అంటే అప్పటి చిల్లర) నాణెంలా ఉంది. అదే అయితే, దాని మీద 1362 ఉంటే, నా దగ్గరున్న నాలుగు డూప్లికేట్లలో నీకు నచ్చిన రెండు తీసుకుని అది నాకివ్వు. నా వరసలో ఆ ఒక్క ఏడాదే ఖాళీగా ఉంది.

మీ మావయ్య