సమాధానం: వాదనలో గెలిచారు, తమ్ముడు దూరమయ్యాడు

వందనాలు బ్రదర్. గాజువాకలో పక్కింటివారు ఇచ్చిన ప్రసాదం మీరు తిన్నారు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న తమ్ముడు అది చూసి బాధపడితే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయం తెరిచి అందరి ముందూ అతని నోరు మూయించారు. మూడు వారాలుగా అతను ఆరాధనకు రావడం లేదు. తప్పెవరిదని అడిగారు.

మీరు చూపిన వాక్యం సరైనదే. కానీ విగ్రహం వట్టిదేనని చెప్పే 4వ వచనం దగ్గరే ఆగిపోయారు, 13 వరకూ చదవండి. విగ్రహార్పితం, అంటే విగ్రహాలకు పెట్టిన తిండి గురించి ఆ పత్రిక రాసిన పౌలుకు తెలియనిది లేదు. అయినా తన తిండి వల్ల సహోదరుడు తొట్రిల్లితే ఇక మాంసమే ముట్టనన్నాడు. మీకది ఒక లడ్డూ. నిన్నటిదాకా దాన్ని కళ్లకద్దుకుని తిన్న ఆ అబ్బాయికి అది వదిలివచ్చిన జీవితమంతా.

నేనూ ఒకసారి మా సంఘంలో ఒక పెద్దాయనతో ఇలాగే వాదించి గెలిచాను. ఆయన బైబిలు మూసి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఆ వంగిన వీపు నాకింకా గుర్తే.

ఈ సాయంత్రమే అతని ఇంటికి వెళ్లండి. వాక్యాలు ఎత్తకండి. "నీ మనసు నొప్పించాను, క్షమించు" అనండి చాలు. పక్కింటివారితో స్నేహం మాత్రం మానుకోవద్దు. ఆదివారం అతన్ని మీ బండి మీదే తీసుకురండి.