బర్మా నుంచి నడిచి వచ్చిన మా అమ్మ

1942లో జపాన్ దాడికి బర్మా (ఇప్పటి మయన్మార్) నుంచి కాలినడకన వచ్చినవాళ్ళ పిల్లలు హైదరాబాద్‌లో ఎవరైనా ఉన్నారా, వాళ్ళ ఇళ్ళలో ఆ రోజుల గురించి ఏం చెప్పుకునేవారు అని అడిగారు. మీ ముత్తాతగారు మణిపూర్ మీదుగా వచ్చారన్నది తప్ప ఇంకేమీ తెలియదని కూడా రాశారు. ముందు మా అమ్మ సంగతి చెప్తాను, మణిపూర్ దారి గురించి చివర్లో.

అమ్మ 1931లో రంగూన్‌లో పుట్టింది. తాతయ్య అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా. కాకినాడ, విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి పోయినవాళ్ళు అప్పట్లో బర్మాలో లక్షకు పైనే ఉండేవారు. రేవులో బస్తాలు మోసేవాళ్ళు, మిల్లు కూలీలు, సంపాన్లు (చిన్న పడవలు) నడిపేవాళ్ళు, అడ్వాన్సులిచ్చి వీళ్ళందర్నీ తీసుకెళ్ళే మేస్త్రీలు. రంగూన్ జనంలో సగానికి పైగా మనదేశం వాళ్ళే. అమ్మకు పదేళ్ళు వచ్చేదాకా సొంతూరంటే రంగూనే. కాకినాడ అంటే నాయనమ్మ దగ్గర్నుంచి కార్డులొచ్చే ఊరు, అంతే.

1941 డిసెంబర్ 23 పొద్దున జపాన్ విమానాలొచ్చాయి. "జనం దాక్కోలేదురా. వీధిలోకొచ్చి తలెత్తి చూశారు. అందుకే అంతమంది పోయారు" అనేది అమ్మ. క్రిస్మస్ నాడు మళ్ళీ వేశారు. ఓడ టికెట్లు డబ్బున్నవాళ్ళకే దొరికేవి. పైగా రేవులో పని ఆగిపోతుందని, డెక్ మీద పోయే మగ కూలీలను సర్కారు ఓడెక్కనివ్వలేదు. తాతయ్యకు మిల్లు యజమాని జీతం బాకీ. అది వసూలు చేసుకుని వస్తానని ఆయన ఆగిపోయాడు. అమ్మమ్మ ముగ్గురు పిల్లల్ని తీసుకుని, తెలిసిన తెలుగు కుటుంబాలతో కలిసి బయల్దేరింది.

ప్రోమ్ దాకా రైలు. అక్కడ ఐరావతి దాటి, అరకాన్ యోమా కొండల మీదుగా టాంగప్ దాకా నూరు మైళ్ళకు పైబడిన నడక. అక్కడి నుంచి పడవలో అక్యాబ్, తర్వాత స్టీమరులో చిట్టగాంగ్. ఆ దారంతా కలరా. మా చిన్న మావయ్య, నాలుగేళ్ళవాడు, టాంగప్ చేరకముందే పోయాడు. అమ్మమ్మ ఒక పూటయినా ఆగలేదట. గుంపు వెళ్ళిపోతే మిగతా ఇద్దరూ దక్కరని.

ఇది విని ఎవరైనా "ఎంత ధైర్యం తల్లీ" అంటే అమ్మకు ఒళ్ళు మండేది. "ధైర్యం ఏమిటి? లెక్క. ఎన్ని బియ్యం ఉన్నాయి, ఎన్ని నీళ్ళున్నాయి, ఎంతమంది పిల్లలు. అంతే" అనేది. నాకూ అదే నిజమనిపిస్తుంది. కష్టాలు పడ్డ తల్లి అనగానే మనవాళ్ళు దేవతను చేసి గోడకు తగిలిస్తారు. మా అమ్మ దేవత కాదు, పిసినారి.

ఇంకో విడ్డూరం. వాళ్ళు సామర్లకోటలో రైలు దిగి కాకినాడ చేరిన కొద్ది వారాలకే, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా కూడా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. చుట్టాలంతా మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరిగెడుతుంటే అమ్మమ్మ అరుగు మీద కూర్చుని "నేనింక నడవను" అందట.

నాన్న ఉద్యోగం వల్ల 1957లో హైదరాబాద్ వచ్చి నల్లకుంటలో రెండు గదుల వాటాలో దిగారు. అమ్మతో ఉండడం తేలిక కాదు. కుళాయి నీళ్ళు కాయకుండా ఇంట్లో ఎవరూ చుక్క ముట్టకూడదు. మే నెల ఎండలో ఆడుకుని వచ్చి గోరువెచ్చటి నీళ్ళు తాగడం మా అన్నదమ్ముల పాలిట శిక్ష. బియ్యం డబ్బా సగానికి దిగితే ఆమెకు నిద్ర పట్టేది కాదు. స్కూలు సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, నాన్న ఆర్డరు కాగితాలు అన్నీ ఒక ఖాకీ సంచిలో తలుపు వెనక మేకుకు వేలాడేవి. పెళ్ళిళ్ళకు వెళ్ళినా ఆ సంచి చంకలోనే.

1964లో ఆ లెక్క పనికొచ్చింది. యుద్ధం అయ్యాక తిరిగి రంగూన్ వెళ్ళిన పిన్నమ్మమ్మ వాళ్ళను అక్కడి సైనిక పాలకుడు నెవిన్ సర్కారు రోడ్డున పడేసింది. దుకాణాలు జాతీయం చేశారు, యాభై, వంద క్యాట్ల (బర్మా డబ్బు) నోట్లు చెల్లవన్నారు. ఓడ దిగి కొందరు విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో ఉండిపోయారు. ఇద్దరు పిల్లలు మాత్రం మా రెండు గదుల్లోకి వచ్చారు. నాన్న గొణిగాడు. అమ్మ మాత్రం రాత్రంతా కూర్చుని నెల ఖర్చు మళ్ళీ వేసి, పొద్దున పాలవాడికి సగం పాలు చాలని చెప్పేసింది. మాకు మజ్జిగ మానేసి చారు పెట్టింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం.

1969లో తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో ఖాకీ సంచి మేకు దిగింది, పక్కన బియ్యం మూట కూడా తయారైంది. ఇంటి ఓనరమ్మది వరంగల్. గుమ్మంలో నిలబడి చూసి, "ఏడికి వోతవ్ పిల్లా? ఈడనే ఉండు, సప్పుడు జేయక" అని మూట తీసుకెళ్ళి తన వంటింట్లో పెట్టుకుంది. మేం వెళ్ళలేదు. ఆ బియ్యం ఆవిడ తిరిగివ్వలేదు, అమ్మ అడగనూ లేదు. ఒకరి దగ్గర లెక్క వదిలేయడం అమ్మ జీవితంలో నేను చూసింది అదొక్కటే.

ఇక మణిపూర్ దారి. మా తాతయ్యకు జీతం రానే లేదు. ఈలోగా 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది, ఆయన మాండలే వైపు పోయి అటునుంచి వచ్చాడు. చింద్విన్ నది మీద కలేవా, అక్కడి నుంచి టమూ, పాలేల్, ఇంఫాల్, చివరికి దిమాపూర్‌లో రైలు. మీ ముత్తాతగారిదీ బహుశా ఇదే దారి. తెల్లవాళ్ళకు ఒక ఏర్పాటు, మనవాళ్ళకు ఇంకో ఏర్పాటు అని తాతయ్య చచ్చేదాకా తిట్టేవాడు. మే 10న ఇంఫాల్ మీద బాంబులు పడ్డాయి, ఆపైన వానలు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే "ఎలా భరించారు" అని అడగకండి, "ఏమో" అంటారు. ఏం తిన్నారు, చేతిలో ఏముంది, ఎక్కడ పడవెక్కారు అని అడగండి. అమ్మ అలా అడిగితేనే చెప్పేది. ముత్తాతగారు ఏ నెలలో ఇల్లు చేరారో తెలిస్తే ఇక్కడ రాయండి. వానలకు ముందా, తర్వాతా అన్నది తేలితే ఆయన ఎలాంటి దారి నడిచి వచ్చారో కొంత చెప్పగలను.