బరువు ఎక్కువైతే విటమిన్ డి ఎందుకు తగ్గుతుంది?

రోజూ తెల్లారగానే ఆర్కే బీచ్‌లో నడిచే మీ అన్నయ్యకి రక్త పరీక్షలో విటమిన్ డి 14 (ng/mL) వచ్చింది, బరువు 98 కిలోలు, రెండిటికీ సంబంధం ఉందా అని అడిగారు.

ఉందండి. డి కొవ్వులో కరిగే విటమిన్, ఒంట్లో కొవ్వు ఎంత ఎక్కువుంటే అంత అందులోకి వెళ్లిపోయి రక్తంలో తక్కువ కనిపిస్తుంది, అందుకే సన్నటి మనిషికి సరిపోయే డోసు లావుగా ఉన్నవాళ్లకి చాలదు, రెండు మూడు రెట్లు కావాలని 2011లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ చెప్పింది. 20 లోపు వస్తే లోపం కిందే లెక్క.

బీచ్ నడక గుండెకి, షుగరుకి చాలా మంచిది, మాననివ్వకండి. కానీ ఆరింటి ఏటవాలు ఎండలో డి తయారుచేసే యూవీ-బి కిరణాలు దాదాపు ఉండవు. పది దాటాక చేతులకీ కాళ్లకీ తగిలేలా కాసేపు ఎండలో ఉండాలి, కారు అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు.

డి మాత్రలతో బరువు తగ్గుతుందని చాలామంది ఆశపడతారు, తగ్గదు. బరువు తగ్గితే మాత్రం డి కాస్త పెరుగుతుంది.

60,000 యూనిట్ల సాషేలు మెడికల్ షాపులో కొని నెలల తరబడి సొంతంగా వేసుకోనివ్వకండి, దయచేసి. కాల్షియం పెరిగిపోయి కిడ్నీల మీదకి వస్తుంది. డాక్టరు చెప్పినన్ని వారాలే. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే దానివల్ల విటమిన్ బి12 తగ్గొచ్చు, అది కూడా పరీక్ష చేయించుకోమనండి.