తమ్ముడి మిస్డ్ కాల్ ఇంకా ఫోన్‌లోనే ఉంది

ప్రశ్న: అక్కా, ఎనిమిది నెలల కింద మా తమ్ముడు ప్రాణం తీసుకున్నాడు. ఇరవై ఆరేళ్లు. ఆ రాత్రి 9:40కి నాకు ఫోన్ చేశాడు, బాబుకి అన్నం పెడుతూ తర్వాత మాట్లాడదాంలే అనుకున్నాను. బంధువులకి గుండెపోటు అని చెప్పాం. వాడి హెల్మెట్ వరండాలో మేకుకే ఉంది, అమ్మ రోజూ పొద్దున్నే దాన్ని కొంగుతో తుడుస్తుంది, వాడి పేరు మాత్రం ఎత్తదు. ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదు. ఆ మిస్డ్ కాల్ డిలీట్ చేసేయమంటారా?
– ఒక చెల్లి, గాజువాక

జవాబు: చెల్లీ, మా బాబాయి కొడుకు ఇలాగే పోయి పదకొండేళ్లయింది. నేనూ ఆ దారిలో నడిచి వచ్చినదాన్నే, కాబట్టి సూటిగా చెప్తాను.

ఫోన్ ఎత్తి ఉంటే వాడు బతికేవాడని నువ్వు ఖాయం చేసేసుకున్నావు, అదే నిన్ను తినేస్తోంది. ఇలాంటి చావుకి ఒక్క కారణం ఉండదమ్మా. లోపలి డిప్రెషన్, అప్పు, అవమానం, నిద్రలేని రాత్రులు, ఎన్నో కలిసి మనిషిని ఊపిరాడని మూలకి తోసేస్తాయి. ఈ మాట నేను వందసార్లు చెప్పినా నీకు ఎక్కదని తెలుసు, నాకూ ఎక్కలేదు. ఎప్పుడు ఎక్కిందంటే, కొడుకును పోగొట్టుకున్న ఒకావిడ తెన్నేటి పార్కులో బెంచీ మీద నా పక్కన కూర్చుని, "ఆ రోజు కూర బాగుందమ్మా అని ఇంకోసారి వేయించుకున్నాడు, నాకేం అనుమానం రాలేదు" అంది. ఇందులో ఈవిడ తప్పేముంది అనుకున్నాను. అనుకున్నానో లేదో, మరి నా తప్పు మాత్రం ఏముంది అని మొదటిసారి అనిపించింది.

తోటివాళ్ల ఆసరా పనిచేసేది ఇలాగే. మన మీద మనకు రాని జాలి, అదే దెబ్బ తిన్న ఇంకొకరి మీద వస్తుంది, అక్కణ్నుంచి మన దాకా వస్తుంది. అమెరికాలో ఇలా అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల కోసం నవంబరులో ఒక శనివారం కేటాయించారు, 1999లో ఆ తీర్మానం పెట్టిన సెనేటర్ హ్యారీ రీడ్ వాళ్ల నాన్నగారూ ఇలాగే పోయారు. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే 1,70,924 మంది ఇలా చనిపోయారని కేంద్రం తరఫున నేరాల లెక్కలు తీసే సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క. అంటే మన విశాఖలో, మీ వీధికి నాలుగు వీధుల అవతల కూడా, గుండెపోటు అని చెప్పుకుంటున్న ఇల్లు ఉండే ఉంటుంది.

అలాంటి ఒక్క మనిషిని వెతుక్కో. ఇద్దరు ముగ్గురైనా చాలు, నెలకోసారి ఎక్కడో కూర్చోండి. వాడు ఎలా పోయాడన్న వివరాలు తవ్వకండి, ఎలా బతికాడో చెప్పుకోండి. సలహాలొద్దు, "ధైర్యంగా ఉండు" అసలే వద్దు, విన్న మాట బయటికి పోకూడదు. కనీసం ఏడాదైనా గడిచినవాళ్లు ఒకరు మీలో ఉంటే మంచిది.

బంధువులందరికీ నిజం చెప్పాలని లేదు. అడిగితే "దాని గురించి ఇప్పుడు మాట్లాడలేనండీ" చాలు. కానీ ఇంట్లో అమ్మతో మాత్రం వాడి పేరు నువ్వే ముందు ఎత్తు. రేపు ఆవిడ హెల్మెట్ తుడుస్తున్నప్పుడు పక్కన నిలబడి, వాడు బండి నేర్చుకున్న రోజు గురించి అడుగు. ఏడిస్తే ఏడవనీ.

ఇంకొక్క మాట, ఇది వాయిదా వేయొద్దు. నీకు గానీ అమ్మకు గానీ "నేనూ వాడి దగ్గరికి పోతే బాగుణ్ను" అనిపిస్తుంటే, తిండీ నిద్రా పూర్తిగా పోతే, మాలాంటివాళ్లం సరిపోం, డాక్టరు కావాలి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఏ వేళప్పుడైనా చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి మన ఊళ్లోనే ఉంది, అక్కడికి వెళ్లడం నామోషీ అనుకోకు.

మిస్డ్ కాల్ అంటావా, ఇప్పుడే తీసేయకు. చివరిసారి వాడు తలుచుకున్నది నిన్నే కదా. ఫోన్ మార్చేటప్పుడు స్క్రీన్‌షాట్ తీసి దాచుకో.