మొదటి వారం చూడాలా, ఏడాది తర్వాత వారం చూడాలా? అడెల్ ఆల్బమ్‌ల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్రిటన్ గాయని అడెల్ గురించే. ఆల్బమ్‌లు నాలుగే (పేర్లన్నీ అంకెలే: '19', '21', '25', '30') అయినా వాటి చార్టుల లెక్కల మీద ఇన్ని సందేహాలు వచ్చాయంటే ఆ పాటలు మీ ఇళ్లలో ఎంతగా మోగుతున్నాయో అర్థమవుతోంది. అందుకే ఈ పేజీ మొత్తం ఆమెకే.

ప్రశ్న: మా అక్కకీ నాకూ రోజూ ఇదే గొడవ. '25' మొదటి వారంలోనే రికార్డులన్నీ బద్దలు కొట్టింది కాబట్టి అడెల్ ఆల్బమ్‌లలో అదే పెద్ద హిట్ అని నేనంటాను. కాదు, '21' అంటుంది అక్క. మీరే తేల్చండి. – ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: నా ఓటు మీ అక్కకేనమ్మా. అలాగని నువ్వు చెప్పిందీ తప్పు కాదు. '25' వచ్చింది 2015 నవంబర్ 20న. ఒక్క అమెరికాలోనే మొదటి వారం దాదాపు 33.8 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. అంతకు ముందు రికార్డు 2000లో 'ఎన్‌సింక్' బృందానిది, అది 24 లక్షల చిల్లర. దాన్ని దాటడం ఇక ఎవరి వల్లా కాదని అనుకుంటున్న రోజుల్లో, జనం సీడీలు కొనడమే మానేస్తున్న రోజుల్లో, ఈమె ఏకంగా పది లక్షల పైచిలుకు తేడాతో దాటేసింది. బ్రిటన్‌లో కూడా అంతే, మొదటి వారం 8 లక్షల పైన. అక్కడ 1997 నుంచి ఒయాసిస్ బృందం పేరున ఉన్న 6.96 లక్షల రికార్డు పోయింది.

ఇప్పుడు '21' సంగతి చూడు. 2011 ఫిబ్రవరిలో అమెరికాలో విడుదలైనప్పుడు మొదటి వారం అమ్మకం 3.52 లక్షలు. మంచి అంకే, కానీ '25' పక్కన పెడితే పదో వంతు. సరిగ్గా ఏడాది తర్వాత, 2012 ఫిబ్రవరిలో గ్రామీ అవార్డుల రాత్రి ఆమె పోటీలో ఉన్న ఆరు అవార్డులకి ఆరూ గెలిచి, వేదిక మీద పాడింది కూడా. ఆ తర్వాత వారం అదే ఆల్బమ్ 7.3 లక్షలు అమ్ముడైంది. విడుదలైన వారం కంటే ఏడాది తర్వాత వారం రెట్టింపు! మామూలుగా ఏ ఆల్బమైనా మొదటి వారం కొండెక్కి రెండో వారం నుంచి దిగడం మొదలుపెడుతుంది. ఇది మాత్రం ఎక్కుతూనే పోయింది. పైగా ఆ మధ్యలో ఆమె కచేరీలు సగంలోనే ఆగిపోయాయి. గొంతులో రక్తస్రావం వల్ల అమెరికా పర్యటన రద్దు చేసుకుని, 2011 నవంబర్‌లో బోస్టన్‌లో ఆపరేషన్ చేయించుకుంది. పాడలేని స్థితిలో ఉన్న గాయని ఆల్బమ్ అది.

మొత్తం లెక్క తీస్తే '21' అమెరికా ఆల్బమ్ చార్టులో 24 వారాలు, బ్రిటన్‌లో 23 వారాలు మొదటి స్థానంలో ఉంది. అమెరికాలో 2011లో 58 లక్షలతో ఆ ఏడాది ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ అదే, 2012లో 44 లక్షలతో మళ్లీ అదే. అమెరికాలో చార్టులు వేసే పత్రిక బిల్‌బోర్డ్. వరసగా రెండేళ్లు దాని వార్షిక ఆల్బమ్ జాబితాలో ఒకే ఆల్బమ్ ముందు నిలవడం 1983, 84లలో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' తర్వాత ఇదే.

నేను దీన్ని ఇలా చూస్తాను: మొదటి వారం అంకె ఆ గాయని కోసం జనం ఎంతగా ఎదురుచూశారో చెబుతుంది. ఆ ఎదురుచూపు వచ్చిందెక్కడి నుంచి? '21' విన్నవాళ్ల నుంచే. '25' కోసం మొదటి రోజే ఎగబడిన వాళ్లంతా '21' విని మనసిచ్చిన వాళ్లే కదా.

ప్రశ్న: '21'లోని 'రోలింగ్ ఇన్ ద డీప్' పాట ఏడు వారాలు నంబర్ వన్ అని ఒకచోట చదివాను, అసలు నంబర్ వన్ కానే కాలేదని ఇంకోచోట చదివాను. ఏది నమ్మాలి? – పాటలు సేకరించే పాఠకుడు

జవాబు: రెండూ నమ్మండి. అమెరికాలో ఏడు వారాలు నంబర్ వన్, సొంత దేశం బ్రిటన్‌లో రెండో స్థానం దగ్గరే ఆగిపోయింది. అదే ఆల్బమ్‌లోని 'సెట్ ఫైర్ టు ద రెయిన్' కథ ఇంకా విచిత్రం. అమెరికాలో రెండు వారాలు నంబర్ వన్‌గా ఉన్న ఆ పాట బ్రిటన్‌లో 11 దాటి పైకి రాలేదు, మొదటి పదిలోకి కూడా చేరలేదన్నమాట.

రెండు దేశాలూ లెక్కపెట్టే తీరే వేరు. అమెరికాలో పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100, 1958 నుంచి ఉంది. అందులో అమ్మకాలు, స్ట్రీమింగ్‌తో పాటు రేడియోలో ఆ పాటను ఎంతమంది విన్నారన్నదీ కలుపుతారు. అడెల్ గొంతును అక్కడి రేడియో స్టేషన్లు నెత్తిన పెట్టుకున్నాయి, పాప్ స్టేషన్లూ వేశాయి, పెద్దవాళ్లు వినే స్టేషన్లూ వేశాయి. బ్రిటన్ అధికారిక చార్టులో రేడియోకి చోటు లేదు. అక్కడ జనం కొన్నదే లెక్క, 2014 జూలై నుంచి స్ట్రీమింగ్ కూడా. ఇంకో కారణం కూడా ఉండొచ్చని నాకనిపిస్తుంది. బ్రిటన్‌లో అందరూ ఆల్బమే కొనేస్తుంటే అందులోని ఒక్క పాటను విడిగా మళ్లీ కొనేవాళ్లెందరుంటారు?

బిల్‌బోర్డ్ 200 అన్నది ఆల్బమ్‌ల చార్టు. హాట్ 100తో కలిపేసుకుంటే అంతా గందరగోళమే. ఎక్కడైనా 'నంబర్ వన్' అని కనిపిస్తే పాటా, ఆల్బమా, ఏ దేశం అని మూడూ అడగండి.

ప్రశ్న: ఒక్క పియానో తప్ప ఏమీ లేని 'సమ్‌వన్ లైక్ యూ' లాంటి నెమ్మది పాట డాన్స్ పాటల మధ్య నంబర్ వన్ ఎలా అయింది? ఆ పాట విన్నప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది. – ఒక గృహిణి

జవాబు: మీకే కాదండీ, ఆ పాటకి ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లకీ కళ్లు చెమర్చాయి, చివర్లో పాడే ఆమెకీ గొంతు పూడుకుపోయింది. 2011 ఫిబ్రవరి 15న లండన్‌లో బ్రిట్ అవార్డుల (బ్రిటన్ సంగీత అవార్డుల) సభ. మంటలు, డాన్సర్లు, భారీ సెట్టింగులతో అందరూ హోరెత్తిస్తుంటే ఈమె వచ్చి కదలకుండా నిలబడి, పక్కన ఒక పియానోతో ఈ పాట పాడి వెళ్లిపోయింది. ఆ వారం బ్రిటన్ చార్టులో 47వ స్థానంలో ఉన్న పాట ఒక్క గెంతుతో మొదటి స్థానానికి వచ్చి కూర్చుంది. అప్పుడే ఇంకో విశేషం కూడా జరిగింది. పాటల చార్టు మొదటి అయిదులో ఆమెవే రెండు పాటలు, ఆల్బమ్ చార్టు మొదటి అయిదులో ఆమెవే రెండు ఆల్బమ్‌లు, '21'తో పాటు మూడేళ్ల కిందటి '19' కూడా. బ్రతికున్న కళాకారుల్లో అలా జరగడం 1964లో బీటిల్స్ తర్వాత అదే మొదటిసారి.

అమెరికాలోనూ అచ్చం అలాగే. ఆగస్టు చివర ఎంటీవీ అవార్డుల్లో పాడింది, తర్వాత చార్టు వచ్చేసరికి పాట 19 నుంచి నేరుగా 1కి చేరింది. టీవీలో ఒక్కసారి పాడితే చాలు, విన్నవాళ్లు అప్పటికప్పుడు ఫోన్లోనో కంప్యూటర్లోనో డౌన్‌లోడ్ కొనేసే రోజులవి. దుకాణం తెరిచేదాకా ఆగాల్సిన పని లేదు. అయితే ఆ వీలు అందరు గాయకులకూ ఉంది, అలా కొనిపించిన పాటలు మాత్రం ఎన్నో లేవు.

ఆమెకు ఇది కొత్త కాదు. 2008 అక్టోబర్‌లో అమెరికాలో 'సాటర్డే నైట్ లైవ్' అనే టీవీ కార్యక్రమంలో పాడినప్పుడూ ఇంతే. ఎన్నికల వేడిలో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న శారా పేలిన్ రావడంతో ఆ రోజు కోటి మందికి పైగా చూశారు, మర్నాడే '19' పాటలు అమ్మే ఐట్యూన్స్ ఆన్‌లైన్ దుకాణంలో పైకి చేరింది. అదే ఆల్బమ్‌లోని 'మేక్ యూ ఫీల్ మై లవ్' (బాబ్ డిలన్ పాటను ఈమె మళ్లీ పాడింది) 2008లో బ్రిటన్‌లో 26 దగ్గర ఆగిపోయి, రెండేళ్ల తర్వాత ఒక టీవీ పాటల పోటీ పుణ్యమా అని 4 దాకా వచ్చింది.

ప్రశ్న: '30'కి అమెరికాలో మొదటి వారం 8.39 లక్షలే. '25' 33.8 లక్షలు. అంటే అడెల్ క్రేజ్ నాలుగో వంతుకు పడిపోయినట్టేనా? – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: ఆ 'లే' దగ్గరే నాకు అభ్యంతరం. 2021 మొత్తంలో అమెరికాలో ఏ ఆల్బమ్‌కీ అంతకంటే పెద్ద వారం లేదు. ఆరేళ్లలో మారింది ఆమె కాదు, జనం పాట వినే పద్ధతి. '25' వచ్చినప్పుడు దాన్ని స్ట్రీమింగ్‌లో పెట్టలేదు, 2016 జూన్ దాకా పెట్టలేదు. వినాలంటే కొనాల్సిందే. '30' మొదటి రోజు నుంచే స్ట్రీమింగ్‌లో ఉంది. నెలకింతని కట్టేవాళ్లు దాన్ని విడిగా ఎందుకు కొంటారు?

బిల్‌బోర్డ్ కూడా 2014 డిసెంబర్ నుంచి ఆల్బమ్ చార్టు లెక్క మార్చింది. '30' నాటికి ఉన్న నియమం ప్రకారం డబ్బు కట్టి వినేవాళ్లు ఆ పాటల్ని 1,250 సార్లు వింటే ఒక ఆల్బమ్ అమ్మినట్టు, ప్రకటనలతో ఉచితంగా వినేవాళ్లయితే 3,750 సార్లు. ఆ 8.39 లక్షల్లో అసలు కాపీలు 6.92 లక్షలు. స్ట్రీమింగ్‌లో దొరుకుతున్నా అంతమంది చేతిలోకి తీసుకోవాలనుకున్నారంటే అది నాకు చాలా పెద్ద సంగతి. పాటల విషయంలో తగ్గిందేమీ లేదు, '25'లోని 'హలో' అమెరికాలో పది వారాలు నంబర్ వన్, '30'లోని 'ఈజీ ఆన్ మీ' కూడా పది వారాలే.

ప్రశ్న: 'స్కైఫాల్' ఏ ఆల్బమ్‌లో ఉంది? అది నంబర్ వన్ అయిందా?

జవాబు: ఆమె నాలుగు ఆల్బమ్‌లలో దేంట్లోనూ లేదు. 2012లో బాండ్ సినిమా కోసం విడిగా వచ్చిన సింగిల్. బ్రిటన్‌లో 2, అమెరికాలో 8. ఆస్కార్ మాత్రం గెలిచింది, బాండ్ పాటల్లో ఆ అవార్డు తెచ్చిన మొదటిది అదే.

ప్రశ్న: ఆల్బమ్ పేర్లు ఆమె వయసులని అంటారు. మరి '30' వచ్చేసరికి ఆమెకు 33 కదా?

జవాబు: అవును, 1988 మే 5న పుట్టింది, '30' వచ్చింది 2021 నవంబర్‌లో. ఆ అంకెలు విడుదల నాటి వయసులు కావు, ఆ పాటలు పుట్టిన కాలంలో ఆమె వయసులు. '21' వచ్చేసరికి 22, '25' వచ్చేసరికి 27. '19' ఒక్కటే అప్పటి వయసుతో సరిపోయింది. నాలుగు ఆల్బమ్‌లూ బ్రిటన్‌లో నంబర్ వన్ అయ్యాయి.

ప్రశ్న: ఇప్పటిదాకా ఒకటి రెండు పాటలే విన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? – పదో తరగతి పాఠకుడు

జవాబు: ఆల్బమ్ ఎంచుకో నాన్నా, ఎంచుకున్నాక మొదటి పాట నుంచి చివరిదాకా వరసలోనే విను. పాటల వరస ఊరికే పెట్టుకున్నది కాదని ఆమె గట్టిగా చెప్పబట్టే '30' వచ్చినప్పుడు స్ట్రీమింగ్ సంస్థ స్పాటిఫై ఆల్బమ్ పేజీలో ముందుగా కనిపించే షఫుల్ బటన్ (వరస కలిపేసి పాటలు వినిపించేది) తీసేసింది. నన్నడిగితే '19'తో మొదలుపెట్టు. చార్టుల్లో నాలుగింటిలోకీ చిన్నది అదే, కానీ దాని చివర్లో 'హోమ్‌టౌన్ గ్లోరీ' ఉంది. 2007లో ఆమె విడుదల చేసిన మొట్టమొదటి సింగిల్, 16 ఏళ్లప్పుడు రాసుకున్న పాట. అంటే దాదాపు నీ వయసులో.