ఆడియో సిస్టమ్‌లో గుయ్‌మనే శబ్దం పోవాలంటే పవర్ కండిషనర్ కొనాలా?

తిరుపతిలో సొంతిల్లు, కొత్త ఆంప్లిఫయర్, స్పీకర్లు. పాట ఆగిన చోటల్లా గుయ్‌మంటోంది. షాపువాళ్లు పవర్ కండిషనర్ (కరెంటును వడగట్టి ఇచ్చే పెట్టె) కొనమంటున్నారు, కొనాలా అని మీ ప్రశ్న. ఇప్పుడే వద్దు. ఆ డబ్బు ముందు ఎర్తింగ్‌కి పెట్టండి.

మాదీ తిరుపతే, జీవకోన వైపు. నేను వినేది ఎక్కువగా అన్నమయ్య కీర్తనలు, కచేరీ రికార్డింగులు. సినిమా పాటల్లో డ్రమ్స్ హోరులో ఈ గుయ్ కలిసిపోతుందేమో గానీ, తంబూరా ఒక్కటే మోగుతున్నప్పుడు దాన్ని భరించలేం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి స్పీకర్‌లో వచ్చే ఈ గుయ్, అంటే హమ్, 50 దగ్గరో, దానికి రెట్టింపు 100 దగ్గరో ఉంటుంది. ఒకటో శ్రుతి పెట్టుకుని పాడేవాళ్లకు కింది స్థాయి పంచమం 98 దగ్గర పడుతుంది. అంటే ఆ హమ్ సరిగ్గా పంచమం మీద కూర్చోదు, దానికి కాస్త పైన వేలాడుతుంది. పాడే మనిషి ఎంత శుద్ధంగా పాడినా వెనకాల ఎవరో తప్పు శ్రుతిలో తంబూరా మీటుతున్నట్టే ఉంటుంది. సంగీతం మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మా ఇంట్లో ఆంప్లిఫయర్ వెనక ఇనుప రేకు తాకితే చెయ్యి సన్నగా జివ్వుమనేది. వైరింగ్ పని చేసే పెద్దాయన ఒకరిని పిలిపించాను. ఆయన మీటరూ గీటరూ తేలేదు. హోల్డర్‌కి పాత 100 వాట్ల బల్బు, దానికి రెండు వైర్లు, అంతే. ముందు ఫేజుకీ న్యూట్రల్‌కీ పెట్టాడు, గదంతా వెలుగు. తర్వాత న్యూట్రల్‌లో ఉన్న వైరు తీసి త్రీపిన్ సాకెట్ పైనున్న పెద్ద రంధ్రంలో పెట్టాడు. లోపల తీగ ఎర్రబడి ఊరుకుంది.

“చూస్తివా సామీ, ఎర్తు పేరుకే ఉండాది. వైరు బోర్డు దాకా వచ్చిండాది గానీ కింద పట్టు లేదు,” అన్నాడు.

“ఎర్తు గుంత ఎక్కడుందో నాకూ తెలీదన్నా,” అన్నాను. వెతికితే పోర్టికో టైల్స్ అంచున, సిమెంటు కింద దొరికింది. క్లాంపు తుప్పు పట్టి, చేత్తో లాగితే ఊడొచ్చింది. పైపు మూరెడు కూడా దిగలేదు, కింద బండ. కొండ కింద నేల కదా, బండ తగలగానే ఇల్లు కట్టినవాళ్లు పైపు కోసేసి చేతులు దులుపుకున్నారు. హాల్లో గ్రానైటుకీ, ఫాల్స్ సీలింగుకీ లక్షలు పోస్తారు. మనుషుల ప్రాణం కాపాడే గుంత దగ్గరే పిసినారితనం! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వెనకవైపు, బట్టలుతికే బండ పక్కన మట్టి మెత్తగా, ఎప్పుడూ తడిగా ఉంటుంది. అక్కడ కొత్త గుంత తవ్వించాం. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ వరసలు వరసలుగా బొగ్గు, ఉప్పు. అక్కడి నుంచి మెయిన్ బోర్డుకి కొత్త ఎర్తు వైరు లాగారు. మళ్లీ బల్బు పెడితే రెండు చోట్లా దాదాపు ఒకే వెలుగు. ఆంప్లిఫయర్ జివ్వుమనడం ఆ పూటే పోయింది, హమ్ కూడా చాలావరకు తగ్గింది. ఎండాకాలంలో ఆ గుంతలో నీళ్లు పోస్తూ ఉండాలి, నేల ఎండితే పట్టు తగ్గుతుంది. ఈ బల్బు పరీక్ష మాత్రం మీరు స్వయంగా చేయొద్దు, పని తెలిసిన మనిషితోనే చేయించండి.

ఎర్తుకీ హమ్‌కీ సంబంధం ఏమిటంటారా? చాలా ఆడియో పరికరాల్లో కరెంటు లోపలికొచ్చే చోట చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు లేకపోతే వాటి వల్ల ఇనుప పెట్టె మీదికి 230 వోల్టుల్లో సగం దాకా వోల్టేజి వచ్చి కూర్చుంటుంది. కరెంటు అతి తక్కువే గానీ, అది సిగ్నల్ కేబుల్ తొడుగు గుండా పోతూ హమ్ పుట్టిస్తుంది. అన్నట్టు, కండిషనర్లలో చాలావాటి ఫిల్టర్లు కూడా చెత్తను ఎర్తులోకే పంపుతాయి. ఎర్తే లేని ఇంట్లో అది ఎక్కడికి పంపాలి?

మిగిలిన కాస్త హమ్ డిష్ కేబుల్ వల్ల. సెట్‌టాప్ బాక్సు నుంచి ఆ కేబుల్ పీకగానే నిశ్శబ్దం. ఆంప్లిఫయర్ ఎర్తు ఒకచోట, కేబుల్ ఎర్తు ఇంకోచోట ఉంటే ఆ రెండింటి మధ్యా కరెంటు తిరుగుతుంది, గ్రౌండ్ లూప్ అంటారు. కేబుల్‌కి ఐసొలేటర్ (సిగ్నల్‌ని పోనిచ్చి ఆ ఎర్తు లింకును తెంచేది) పెట్టి, సిస్టమ్ మొత్తం ఒకే బోర్డులో గుచ్చితే సరిపోయింది. దీనికి విరుగుడని ప్లగ్గులో మూడో పిన్ను విరిచేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

శబ్దం స్పీకర్‌లోంచి కాకుండా ఆంప్లిఫయర్ పెట్టెలోంచే వస్తోందా? అది ట్రాన్స్‌ఫార్మర్ మోత, వేరే సంగతి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపితే అది ఇంకా పెరుగుతుంది, సైన్ వేవ్‌ది ఉండాలి. స్టెబిలైజర్ వోల్టేజి హెచ్చుతగ్గులకే, హమ్‌ని ఏమీ చేయదు. ఇక వేలకు వేలు పలికే పవర్ కేబుల్ అంటారా, వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి గోడలోని సాకెట్ దాకా మామూలు వైర్లలో వచ్చిన కరెంటు చివరి మీటరులో బంగారం అయిపోతుందంటే నేను ఒప్పుకోను. ఆ ఖర్చుతో మెయిన్ బోర్డు నుంచి సిస్టమ్‌కి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికో ఎంసీబీ వేయించుకోండి.

లైట్లు ఉన్నట్టుండి మసకబారడం, ఉన్నట్టుండి ఎక్కువగా వెలగడం ఉంటే న్యూట్రల్ లూజుగా ఉందని అనుమానించండి. త్రీఫేజ్ ఇంట్లో న్యూట్రల్ ఊడితే 230 రావాల్సిన చోట 400 దాకా వెళ్లొచ్చు, సిస్టమ్, టీవీ, ఫ్రిజ్ అన్నీ పోతాయి. ఆ లూజు మీటరు దాకా వచ్చే లైన్లో ఉంటే లైన్‌మన్‌తోనే బిగించుకోవాలి.

ఎలక్ట్రీషియన్ ఎలాగూ వస్తాడు కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చి) కూడా పెట్టించండి. దానివల్ల పాట ఏమీ మారదు, కానీ ఇంట్లో పిల్లలుంటే ఆ పని రేపటికి వాయిదా వేయొద్దు.