డాక్టర్ రెడ్డీస్ ఏడీఆర్: ఒకే కంపెనీకి రెండు లాభాలు ఎందుకు కనిపిస్తాయి?

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. ఇక్కడి బ్రోకరేజ్ అకౌంట్‌లో డాక్టర్ రెడ్డీస్ ఏడీఆర్‌లు (ఇండియా షేరుకి బదులుగా అమెరికా మార్కెట్‌లో కొని అమ్మే రసీదులు) ఉన్నాయి, ఇండియాలో నా డీమ్యాట్‌లో అవే షేర్లు ఉన్నాయి, రెండూ కలిపితే మా పొదుపులో మూడో వంతు. ఇండియా యాన్యువల్ రిపోర్ట్‌లో ఒక లాభం, అమెరికాలో ఫైల్ చేసినదాంట్లో ఇంకో లాభం. సస్టైనబిలిటీ (పర్యావరణం, సమాజం మీద ప్రభావం) లెక్కలేమో ఇండియా రిపోర్ట్‌లోనే వివరంగా ఉన్నాయి. ఏది నమ్మాలి? ఇంకా కొనమంటారా?

జవాబు: ముందు కంగారు పడకండి, రెండు చోట్ల రెండు లాభాలు ఉన్నంత మాత్రాన దొంగలెక్క కాదండీ. ఇండియాలో ఇండ్ ఏఎస్ అనే ఇండియన్ అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం లెక్కలు రాయాలి, 2001 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కూడా లిస్ట్ అయి ఉంది కాబట్టి అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి ఏటా 20-ఎఫ్ అని ఒక ఫారం ఇవ్వాలి, అందులో వీళ్లు ఐఎఫ్ఆర్ఎస్ అనే అంతర్జాతీయ ప్రమాణాలు వాడతారు. ఇండ్ ఏఎస్ ఐఎఫ్ఆర్ఎస్ నుంచే వచ్చింది గానీ మనవాళ్లు అక్కడక్కడా మార్పులు పెట్టుకున్నారు, ఆ కాస్త తేడానే మీకు కనపడేది. కాస్త కాదు, చాలా తేడా ఉందంటే మాత్రం మీరు ఇండియా రిపోర్ట్‌లో స్టాండలోన్ పేజీ చూసుంటారు, అందులో బయటి దేశాల సబ్సిడరీల లెక్కలు కలవవు. కన్సాలిడేటెడ్ పేజీ తీసి మళ్లీ పోల్చండి. బ్యాంకులైతే ఇంకా గోల, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ ఇక్కడ యూఎస్ గ్యాప్ అనే అమెరికా లెక్కల పద్ధతిలో, అక్కడ ఇండియన్ గ్యాప్ అనే ఇండియా పద్ధతిలో ఇస్తుంది, ఆ రెండు లాభాల్ని పక్కపక్కన పెట్టి చూడటమే దండగ.

ఇంకోటి, 20-ఎఫ్‌లో డాలర్ కాలమ్ చూసి కంపెనీ పెరిగిందా తగ్గిందా అని తేల్చుకోకండి. అది మార్చి 31న ఉన్న రేటుతో మన సౌకర్యం కోసం రూపాయల్ని డాలర్లలోకి మార్చి చూపించింది, అంతే. పెరుగుదల రూపాయల్లోనే చూడాలి. 2024 అక్టోబర్‌లో ఒక షేరు అయిదైంది, ఏడీఆర్ కూడా అంతే, కాబట్టి పాత రిపోర్ట్‌లో షేరుకి వచ్చిన లాభాన్ని కొత్తదాంతో పోల్చేటప్పుడు అయిదుతో భాగించుకోండి, లేకపోతే కంపెనీ కుప్పకూలినట్టు కనిపిస్తుంది.

ఏది చదవాలి అంటే నేనైతే 20-ఎఫ్ ముందు తీస్తా. ఫొటోలు, చైర్మన్ సందేశాలు ఉండవు, రిస్కులు దాదాపు విసుగొచ్చేలా రాస్తారు, సీఈఓ సీఎఫ్ఓ ఇద్దరూ సర్టిఫై చేసి సంతకం పెట్టాలి, తప్పు రాస్తే అమెరికా చట్టం కింద చిక్కుల్లో పడతారు. ఫారిన్ కంపెనీ కాబట్టి అమెరికా కంపెనీలు మూడు నెలలకోసారి ఇచ్చే 10-క్యూ ఉండదు, ఇండియాలో ఇచ్చిన క్వార్టర్లీ రిజల్ట్స్‌నే 6-కె అనే ఫారం కింద ఇక్కడా పెడతారు. 20-ఎఫ్ ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగు నెలల్లో రావాలి. అందులో రిస్క్ ఫ్యాక్టర్స్, ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) తనిఖీలు, కోర్టు కేసులు చదవండి. మందుల కంపెనీకి అసలు దెబ్బ తగిలేది అక్కడే. 2015 నవంబర్‌లో మిర్యాలగూడ, శ్రీకాకుళం, విశాఖ దగ్గర దువ్వాడ ప్లాంట్లకి ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్ ఇచ్చింది, కాబట్టి తనిఖీల మాట మామూలు లైన్ అని దాటేయొద్దు. అలాగే లెనాలిడోమైడ్ అనే క్యాన్సర్ మందు. అమెరికాలో దాని జనరిక్‌ని 2022 సెప్టెంబర్ నుంచి పరిమిత మొత్తంలో అమ్మారు, ఆ పరిమితి 2026 జనవరి 31తో అయిపోయేలా ఒప్పందం, ఆ మందు లాభాన్ని బాగా మోసింది. పరిమితి పోతే పోటీ పెరిగి ధర పడుతుంది కాబట్టి, ఆ తేదీ దాటాక వచ్చే రిజల్ట్స్‌ని దాని ముందు సంవత్సరాలతో పోల్చి గుండె బాదుకోనక్కర్లేదు, మిగతా వ్యాపారం ఎలా ఉందో చూస్తే చాలు.

సస్టైనబిలిటీకి మాత్రం ఇండియా రిపోర్టే దిక్కు. ఎస్ఈసీ 2024 మార్చిలో క్లైమేట్ రూల్ పెట్టింది, కేసులు పడ్డాయి, తనే ఆపింది, 2025 మార్చిలో ఇక కోర్టులో సమర్థించుకోం అని చెప్పేసింది. ఇండియా మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అలా కాదు, టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్ఎస్ఆర్ అనే సస్టైనబిలిటీ రిపోర్ట్ ఇవ్వాల్సిందే, అందులో కోర్ అనే ముఖ్యమైన భాగానికి పెద్ద కంపెనీలు బయటివాళ్లతో చెక్ చేయించుకోవాలి. మెరిసే కథనాలు వదిలేసి బీఆర్ఎస్ఆర్ టేబుల్‌లో నీళ్లు, వ్యర్థాల వరుసలు చూడండి, జీరో లిక్విడ్ డిశ్చార్జ్ (వ్యర్థజలం బయటికి వదలకపోవడం) ఉందా అని అడిగే ప్రశ్నకి ఏం రాశారో చూడండి. పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు ఉన్నవాళ్లని అడిగితే ఫార్మా వ్యర్థజలాల సంగతి చెప్తారు, ఈ వరుసలు అలంకారం కోసం పెట్టినవి కావు. ఒక మెలిక ఉంది, ఆ టేబుల్‌లో ఇంటెన్సిటీ అని అమ్మకాలతో భాగించిన అంకె ఉంటుంది, అమ్మకాలు పెరిగితే ఏమీ చేయకపోయినా అది తగ్గుతుంది. మొత్తం నీళ్లెన్ని, మొత్తం కార్బన్ ఎంత అన్నదీ పక్కనే ఉంటుంది, అది చూడండి.

ఇంకా కొననా అన్నారు కదా, వద్దు. ఏడీఆర్, డీమ్యాట్ షేరు ఒకే ఇంటికి రెండు గుమ్మాలు, ఏ గుమ్మం నుంచి వెళ్లినా లోపల అదే ఇల్లు, డబ్బు రెండు దేశాల్లో పెట్టానని అనుకుంటున్నారు గానీ పొదుపులో మూడో వంతు ఒక్క కంపెనీ మీదే ఉంది. నా లెక్కలో ఒక్క షేరు పదో వంతు దాటకూడదు. అమ్మేటప్పుడు ముందు డీమ్యాట్‌వి అమ్మండి, ఎందుకంటే ఇండియా అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ అకౌంట్ల వివరాలు చెప్పే ఫారం) ఫైల్ చేయాలి, మొత్తం ఇంకా పెద్దదైతే టాక్స్ రిటర్న్‌తో పాటు విదేశీ ఆస్తుల ఫారం 8938 కూడా. అమెరికా బ్రోకరేజ్‌లో ఉన్న ఏడీఆర్‌కి ఆ రెండూ అక్కర్లేదు. ఏడీఆర్ డివిడెండ్ మీద ఇండియాలో పట్టుకున్న టాక్స్ మీ బ్రోకర్ పంపే 1099-డీఐవీ ఫారం బాక్స్ 7లో కనిపిస్తుంది, దాన్ని క్రెడిట్‌గా అడగొచ్చు, చాలామంది వదిలేస్తారు. డీమ్యాట్ షేర్లు అమ్మే ముందు మాత్రం ఇండియా క్యాపిటల్ గెయిన్స్ ఎంత పడుతుందో అక్కడి సీఏని, ఇక్కడి సీపీఏని ఇద్దర్నీ ఒకే వారంలో అడగండి, ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియాలి.